మీటరక్క తమ్ముడు

లారీలు ఆగే మైదానం చివర, టైర్ల కొట్టుకీ గ్రీజు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉన్న రేకుల షెడ్డులో ఓ అక్కా తమ్ముడూ బండ్లకు కరెంటు పని చేసేవారు. తండ్రి పెద్దమేస్త్రీ. ఆయన పోయి పదిహేనేళ్ళయినా కొడుకుని అందరూ చిన్నమేస్త్రీ అనే పిలిచేవారు. నలభై ఎనిమిదేళ్ళొచ్చి, నడినెత్తి దాకా జుట్టు ఊడిపోయిన మనిషిని పట్టుకుని చిన్నమేస్త్రీ అంటుంటే కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వాపుకునేవారు. ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దదైన అక్కని మాత్రం ఎవరూ మేస్త్రీ అనలేదు. వోల్టులు కొలిచే మీటరు ఎప్పుడూ మెళ్ళో వేలాడుతుండేది కాబట్టి ఆవిడ మీటరక్క అయిపోయింది.

తండ్రి పని నేర్పింది కొడుక్కి. పక్కన కూచోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని నేర్పాడు. కూతుర్ని దీపం పట్టుకోమన్నాడు. "దీపం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే కదరా అన్నీ కనిపించేది" అని మీటరక్క తర్వాత నవ్వుతూ చెప్పేది. ఆవిడకి రెండు సంబంధాలు వచ్చాయి. ఒకరికి ఈవిడ నచ్చలేదు, ఇంకొకరు ఈవిడకి నచ్చలేదు. మూడోదానికోసం ఎవరూ పట్టుబట్టలేదు. షెడ్డు వెనక గదిలో ఉంటూ, తమ్ముడి భార్య పంపే క్యారేజీ తింటూ, పొద్దస్తమానం బండ్ల కింద దూరి ఉండేది.

చిన్నమేస్త్రీది నోరున్న ప్రాణం. కోపంగా వచ్చినవాణ్ణి కుర్చీలో కూచోబెట్టి, టీ తెప్పించి, నవ్వించి పంపగలడు. పని కూడా బాగానే వచ్చు. కానీ ఓపిక తక్కువ. దీపం వెలిగిందంటే చాలు, బాగైపోయిందనేవాడు. అక్క అలా ఊరుకోదు. తమ్ముడు బిగించిన ప్రతి జాయింటూ విప్పి చూసేది. "ఒరేయ్, ఇది జాయింటా, పిచ్చుక గూడా?" అని షెడ్డంతా వినిపించేలా అరిచేది. గ్రీజు కొట్టువాళ్ళు అవతల్నించి పగలబడి నవ్వేవారు. ఆయన సిగ్గుపడకుండా, "గూడు నాది, గుడ్లు మీవి" అని వాళ్ళకి బదులిచ్చి, మళ్ళీ కట్టేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున పళ్ళ డాక్టరమ్మ బండి వచ్చింది. ఆవిడ ఒక పాత బస్సులో పళ్ళ ఆసుపత్రి పెట్టుకుని ఉప్పుమళ్ళకీ, రాళ్ళ క్వారీలకీ, ఫోన్ సిగ్నల్ అందని చోట్లకీ తిరిగేది. దవడ ఎక్స్‌రేలు అక్కడికక్కడే పెద్దాసుపత్రికి పంపి, పెద్ద డాక్టరుతో మాట్లాడి వైద్యం చెయ్యాలని, పైకప్పు మీద ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ అందుకునే డిష్ పెట్టించింది. పలకలా చదునుగా, తెల్లగా ఉంది అది. ఎవరో బిగించి ఇచ్చారు, లైను నిలబడటంలేదు.

"పది నిమిషాలు పనిచేస్తుందండీ, చచ్చిపోతుంది. మళ్ళీ లేచి ఆకాశంలో దారి వెతుక్కునేసరికి ఇంకో పది నిమిషాలు. నేను పేషెంటు నోరు తెరిపించి కూచుంటాను" అంది డాక్టరమ్మ.

చిన్నమేస్త్రీ నిచ్చెనెక్కి చూసి, "డిష్ పోయిందమ్మా. కొత్తది పెట్టాల్సిందే" అని తేల్చేశాడు.

మీటరక్క బస్సులోకి వెళ్ళింది. బ్యాటరీ ముందు వైపు, డ్రైవరు సీటు పక్కన ఉంది. దాన్నుంచి సన్నటి తీగ ఒకటి బస్సు పొడుగునా వెనక్కి పాకి, ఇన్వర్టరు అనే పెట్టెలోకి వెళ్ళింది. ఆ పెట్టె బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మారుస్తుంది. డిష్‌తో వచ్చిన ప్లగ్గు దాన్ని మళ్ళీ తక్కువ వోల్టులకు దించుతుంది. ఆవిడ బ్యాటరీ దగ్గర కొలిచింది, పన్నెండున్నర. వెనక్కి వెళ్ళి డిష్ నడుస్తుండగా ఇన్వర్టరు దగ్గర కొలిచింది, పదిన్నరకి కాస్త పైన. అక్కడే గంటసేపు బాసింపట్టు వేసుకుని కూచుంది. డిష్ ఆకాశాన్ని వెతికేటప్పుడు అంకె ఇంకాస్త దిగింది, ఇన్వర్టరు కీచుమని ఆగిపోయింది.

"డిష్ బంగారంలా ఉందమ్మా" అంటూ కిందికి దిగింది. "దానికి తిండి అందట్లేదు, అంతే. తీగ సన్నం, దారి పొడుగు. పైగా ఈ తిప్పుడొకటి. నీళ్ళు మేడ మీదికి మోసుకెళ్ళి, మళ్ళీ గొట్టంలోంచి కిందికి వదిలి, చెట్టుకి పోస్తున్నారు. చెట్టేమో కిందే ఉంది. మోసిన మనిషి తాగేవి ఎన్ని, దారిలో ఒలికేవి ఎన్ని!"

నాలుగు రోజులు పట్టింది. ఇన్వర్టరు పీకేసింది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, దాని పక్కనే బ్యాటరీ వోల్టుల్ని డిష్‌కి కావలసినంత పెంచే చిన్న పెట్టె పెట్టి, అక్కణ్ణించి దళసరి తీగ నేరుగా డిష్‌కి వేసింది. ఫోన్‌లో డిష్ సెట్టింగులు తిరగేసి, మంచు కరిగించడానికి అది తనని తాను వేడి చేసుకునే ఏర్పాటు ఆపేసింది. "ఈ ఎండలో దీనికి కుంపటెందుకు?" అంది. డాక్టరమ్మకి మధ్యాహ్నం దాకా కూడా రాని బ్యాటరీ ఛార్జి, ఇప్పుడు పొద్దున్నించి చీకటిపడే దాకా వచ్చి ఇంకా మిగిలింది. ఎంత వాడింది, ఎంత మిగిలిందీ అన్నీ మీటరక్క షెడ్డు తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసుకుంది.

డాక్టరమ్మ వెళ్ళిన చోటల్లా చెప్పింది. పశువుల డాక్టరు బండి వచ్చింది. నేల లోపలి నీళ్ళు వెతికేవాళ్ళ జీపు వచ్చింది. కరెంటు లైను లేని కొండవాగు అవతల తేనెపెట్టెలు పెట్టుకున్న ముసలాయన, తన గుడిసెకి కూడా అలాంటిది కావాలని బ్యాటరీ చంకనెత్తుకుని మరీ వచ్చాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడేది చిన్నమేస్త్రీయే కాబట్టి పేరు ఆయనకే వచ్చింది. ఆయన దొంగిలించలేదు. ఎవరైనా "భలే కనిపెట్టావయ్యా" అంటే కాదనలేదు, అంతే. మొదటిసారి నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి నవ్వడం తేలికైంది. ఆ తర్వాత నీళ్ళూ మేడా కథ కూడా తనే చెప్పడం మొదలెట్టాడు. అక్కకంటే బాగా చెప్పేవాడు, చేతులు తిప్పుతూ.

ఏడాది తిరిగేసరికి ఒక పెద్ద సంస్థ కబురంపింది. మారుమూల చోట్లకి వైద్యం తీసుకెళ్ళే బండ్లు వాళ్ళకి పదకొండున్నాయి, అన్నిటికీ ఈ పనే కావాలి. వాళ్ళ ఆఫీసరు స్వయంగా షెడ్డుకి వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేస్తే, తుడవకుండానే కూచున్నాడు. అన్నీ అడిగి తెలుసుకుని, చివర్లో అడిగాడు.

"చాలా శాస్త్రీయంగా చేశారండీ. ఈ డిజైను ఎవరిది?"

మీటరక్క మూడడుగుల దూరంలో బల్ల దగ్గర నిలబడి, తీగ చివర రాగి తొడుగు వేసి నొక్కుతోంది. చిన్నమేస్త్రీ అటు చూశాడు కూడా.

"నాదేనండీ" అన్నాడు. తర్వాత ఏదో తక్కువైనట్టనిపించి, "మా అక్క సాయం చేస్తుంది" అన్నాడు.

ఆఫీసరు అటు తిరిగి చిన్నగా తలవంచాడు. మీటరక్క కూడా తలూపింది. తొడుగుని ఇంకోసారి నొక్కి, లాగి చూసి, పక్కన పెట్టింది.

ఆ రోజు ఇంటికెళ్ళి భోజనానికి కూచున్నప్పుడు చిన్నమేస్త్రీ ఇదంతా ఉత్సాహంగా చెప్పాడు. భార్య వడ్డించడం ఆపేసింది.

"వదిన అక్కడే ఉన్నారా?"

"ఉంది. ఏం?"

"సాయం చేస్తుంది అన్నారా మీరు?"

"మరేమనాలి? అక్కకి నలుగురిలో మాట్లాడటం ఇష్టం ఉండదు. నీకు తెలుసుగా."

"మాట్లాడటం ఇష్టం ఉండదండీ. పేరు ఇష్టం ఉండదని ఎప్పుడైనా చెప్పారా?"

ఆయన కంచంలోనే చూస్తూ, "రేపు చెప్తాలే, ఆయనకి అసలు సంగతి" అన్నాడు. మర్నాడు ఆ సంస్థ కాగితాలొచ్చాయి. ఆ మర్నాడు మొదటి బండి వచ్చింది. పని ఒత్తిడిలో పడిపోయాడు. చెప్పాలనుకున్నమాట నోటిదాకా వచ్చిన రోజులు రెండు మూడున్నాయి. ఇప్పుడు చెబితే ఆ రోజు అబద్ధమాడినట్టవుతుందని మింగేశాడు.

పదకొండు బండ్లూ అయ్యాక ఆ సంస్థవాళ్ళు ఒక హాల్లో నలభై మంది మెకానిక్కులని కూచోబెట్టి, చిన్నమేస్త్రీ చేత పాఠం చెప్పించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. గంటసేపు అదరగొట్టాడు. చివర్లో ముందు వరసలో కూచున్న ఒకావిడ లేచి అడిగింది: "వోల్టులు పెంచే పెట్టెని బ్యాటరీ పక్కనే ఎందుకండీ పెట్టారు? పైన డిష్ పక్కన బోలెడు చోటుందిగా?"

చిన్నమేస్త్రీకి ఆ సంగతి తెలియదు. అక్క అక్కడ పెట్టింది కాబట్టి అక్కడే పెడుతున్నాడు. ఎందుకని ఎన్నడూ అడగలేదు. "మంచి ప్రశ్న. టీ తాగి చెప్పుకుందాం" అని వరండాలోకి వచ్చి ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ పెట్టె కింద ఎందుకు పెట్టాం మనం?"

అవతల సుత్తి చప్పుడు ఆగింది. "ఎవరడిగారు?"

"ఇక్కడ ఒకావిడ."

"తెలివైన మనిషి" అంది మీటరక్క. తర్వాత నిదానంగా చెప్పింది. "ముందే వోల్టులు పెంచి పంపితే అదే పనికి తీగలో పారే ఆంపులు సగానికి సగం తగ్గుతాయి. ఆంపులు తగ్గితే తీగలో దారిపొడుగునా పోయేది బాగా తగ్గుతుంది. పైకెళ్ళాక పెంచితే పోవాల్సింది దారిలో అప్పటికే పోతుంది. అర్థమైందా? ఇంకోసారి చెప్పనా?"

"అర్థమైంది."

"సరే, వెళ్ళు. ఎదురుచూస్తుంటారు."

లోపలికెళ్ళి అదే మాట చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత మీటరక్కలో మార్పు వచ్చింది. అదేమంత పెద్దది కాదు. చెప్పిన పని చేసేది, అడిగినదానికి జవాబిచ్చేది. తను కొత్తగా గమనించింది మాత్రం చెప్పడం మానేసింది. తమ్ముడి జాయింట్లు విప్పి చూడటం కూడా మానేసింది. తెరిచి ఉంచిన తలుపు మీద సుద్ద అంకెలు ఒక వాన జల్లుకి కారిపోతే మళ్ళీ రాయలేదు. చిన్నమేస్త్రీకి ముందు హాయిగానే అనిపించింది, అరుపులు తగ్గాయని. గ్రీజు కొట్టువాడే ఒకరోజు అడిగాడు: "ఏంటి మేస్త్రీ, మీ షెడ్డు ఈమధ్య పిల్లలు లేని బడిలా ఉంది?"

వానలు వెలిశాక డాక్టరమ్మ బస్సు మళ్ళీ వచ్చింది. వెళ్ళేటప్పుడు మీటరక్కని తీసుకెళ్ళింది. పాత డ్రైవరు మానేశాడట. బస్సు నడపడానికీ, బ్యాటరీలూ డిష్షూ చూసుకోవడానికీ మనిషి కావాలట. మీటరక్క రేకు పెట్టె ఒకటి, పరుపుచుట్ట ఒకటి బస్సులో పెట్టుకుంది. యాభై దాటిన వయసులో పెద్దబండి నడిపే లైసెన్సు ఎప్పుడు తెచ్చుకుందో తమ్ముడికి తెలియనే తెలియదు.

"కోపం వచ్చిందా అక్కా?" అని అడిగాడు, బస్సు తలుపు పట్టుకుని.

"లేదురా. కోపమే ఉంటే ఇక్కడే ఉండి నీ ప్రాణం తీసేదాన్ని."

"మరి?"

"నేను బిగించినవి ఎక్కడెక్కడికి పోయి ఏం చేస్తున్నాయో చూడాలనిపించింది. ఎన్నాళ్ళని ఈ రేకుల కిందే ఉంటాను? మరదల్ని అడిగానని చెప్పు. క్యారేజీ రేపట్నించి ఒకటే కట్టమను."

నెల తిరక్కుండా వచ్చేస్తుందనుకున్నాడు. రాలేదు.

ఆ చలికాలం ఆ సంస్థ, కొండల్లో తిరిగే నాలుగు బండ్లకి బరువు తక్కువగా ఉండే కొత్తరకం లిథియం బ్యాటరీలు కొని, చిన్నమేస్త్రీ చేత పెట్టించింది. వారం తిరక్కుండా ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున బండి స్టార్టు చేసి ఎంతసేపు ఉంచినా బ్యాటరీకి ఛార్జి ఎక్కడంలేదు, మధ్యాహ్నానికి డిష్ ఆగిపోతోంది. ఆయన తీగలు మార్చాడు. ఫ్యూజులు మార్చాడు. పెట్టెలు మార్చాడు. కొండదారిలో మూడుసార్లు పోయి వచ్చాడు, చలికి వేళ్ళు కొయ్యబారాయి. అక్కడొక నర్సమ్మ, "డిజైను మీదేనటగా, మీకే అంతుపట్టకపోతే ఎలాగండీ?" అంది. వెటకారంగా కూడా అనలేదు, నిజంగానే అడిగింది. అదే ఆయనకి గుచ్చుకుంది.

అక్కకి ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు తటపటాయించాడు. చేస్తే, ఎక్కడో ఉప్పుమళ్ళ మధ్య ఉన్న ఆవిడ గొంతు డిష్ మీదుగా పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చింది.

"బ్యాటరీ ఎక్కడ బిగించావు?"

"బండి కింద, బయటి పెట్టెలో."

"పొద్దున్నే అక్కడ నీళ్ళు గడ్డకడతాయా?"

"కడతాయక్కా. బకెట్లో పైన పలకలా కడుతుంది."

"అదేరా. ఆ రకం బ్యాటరీ గడ్డకట్టే చలిలో ఛార్జి తీసుకోకూడదు. బలవంతంగా ఎక్కిస్తే పాడైపోతుంది. అందుకే దానిలో ఉన్న చిన్న బోర్డు రానివ్వకుండా ఆపేస్తోంది. అది చెడిపోలేదు, తనని తాను కాపాడుకుంటోంది. సీటు కిందికి, మనుషులుండే వెచ్చటి చోటుకి మార్చు. సర్దుకుంటుంది."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చిన్నమేస్త్రీ ఫోన్ పెట్టలేదు.

"అక్కా, ఆ రోజు ఆఫీసరుగారు అడిగినప్పుడు నేను..."

"ఒరేయ్, డాక్టరమ్మ ఫొటోలు పంపుతోంది, లైను కావాలి. తర్వాత మాట్లాడుకుందాం."

ఆ ‘తర్వాత’ రానేలేదు. ఆయన ఎత్తితే ఆవిడ వేరే మాటలోకి వెళ్ళిపోయేది.

నాలుగు బండ్లూ బాగయ్యాయి. ఆ మర్నాడే చిన్నమేస్త్రీ ఆ సంస్థ ఆఫీసుకి వెళ్ళాడు. దారంతా వల్లెవేసుకున్నది గడప దాటగానే మరిచిపోయి, ఉన్నదున్నట్టు కక్కేశాడు. డిజైను మా అక్కదండీ, మొదటి బండి నుంచి ఆవిడదే, మొన్న చలి సంగతి చెప్పింది కూడా ఆవిడే, ఆ రోజు మీ ముందు నేను అబద్ధం చెప్పాను.

ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు. పెన్ను మూతపెట్టి, "మీరు ఇంతదూరం వచ్చి చెప్పడం గొప్ప విషయమండీ" అన్నాడు. "కానీ ఇప్పుడేం చెయ్యమంటారు? శిక్షణ పుస్తకం అచ్చైపోయింది. ఒప్పందాలన్నీ మీ పేరు మీదే ఉన్నాయి. ఆవిడ ఏమైనా అభ్యంతరం చెప్పారా?"

"లేదండీ."

"మరింకేం! ఒకే కుటుంబం కదా, ఎవరైతేనేం."

చిన్నమేస్త్రీ మెట్లు దిగి, ఆఫీసు ముందున్న సిమెంటు బల్ల మీద చాలాసేపు కూచున్నాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చాడు. కాంట్రాక్టు పోయినా సరేననుకున్నాడు. తను రెండేళ్ళు మోసిన మాటని దించుకోవడానికి అక్కడ చోటే ఉండదని ముందుగా ఆయనకి తట్టలేదు.

మళ్ళీ ఎండాకాలంలో డాక్టరమ్మ బస్సు టైరు మార్చుకోవడానికి మైదానంలో ఆగింది. స్టీరింగు ముందు నుంచి మీటరక్క దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎండకి నల్లబడింది, మనిషి మాత్రం తేలిగ్గా కనిపించింది. డాక్టరమ్మ వెంట కొత్తగా వచ్చిన ఇద్దరు డాక్టర్లున్నారు. "మా ఇంజనీరుగారి తమ్ముడండీ" అని చిన్నమేస్త్రీని వాళ్ళకి పరిచయం చేసింది. వాళ్ళు మర్యాదగా నమస్కారం చేశారు. ఆయనకి ఆ మాట ఎంత బాగుందో చెప్పలేడు. ఇంత తేలికైన మాట ఆ రోజు తను అనలేకపోయాడు.

షెడ్డులో పశువుల బండి ఒకటి సగం పనిలో ఉంది. మీటరక్క వంగి, ఆయన వేసిన లైను మొదట్నించి చివరిదాకా చూసింది. చిన్నమేస్త్రీ పాత అరుపు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఒక చోట జాయింటు నిజంగానే వంకరగా ఉంది. ఆయనకి తెలుసు, పొద్దున్నే చూసుకున్నాడు. ఆవిడ వేలు ఆ జాయింటు మీద ఒక్క క్షణం ఆగింది.

"బాగుంది" అంది, లేచి చేతులు దులుపుకుంటూ. బయటి పనివాడికి చెప్పినట్టు చెప్పింది.

"అక్కా, ఆఫీసుకెళ్ళి చెప్పాను. అంతా నీదేనని."

"మరదలు చెప్పింది ఫోన్లో."

"నువ్వేమీ అనలేదు?"

"ఏమనమంటావురా? మంచి పనే చేశావు." ఆవిడ బస్సు వైపు చూసింది. "అప్పుడైతే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు వింటే ఎవరి సంగతో విన్నట్టుంది. నిన్ను బాధపెట్టాలని అనట్లేదు. అడిగావు కాబట్టి చెప్తున్నాను."

టైరు బిగించడం అయింది. మరదలు పంపిన క్యారేజీ తీసుకుని, తమ్ముడి భుజం తట్టి, బస్సెక్కింది. ఆవిడ ఇప్పుడూ పండక్కీ పబ్బానికీ కాదు, టైర్లకీ బ్రేకులకీ వస్తుంది. వచ్చినప్పుడల్లా ప్రేమగానే మాట్లాడుతుంది.

చిన్నమేస్త్రీ పని ఇంకా పెరిగింది. దూరాల నుంచి బండ్లొస్తున్నాయి. ఎవరు మెచ్చుకున్నా ఆయన వెంటనే, "నాదేం లేదండీ, అంతా మా అక్క నేర్పిందే. కనిపెట్టింది ఆవిడే, నేను బిగించేవాణ్ణి మాత్రమే" అంటాడు. పని ఆపి, కళ్ళలోకి చూసి మరీ చెబుతాడు. వాళ్ళు తలూపుతారు. బయటికెళ్ళి టైర్ల కొట్టు దగ్గర ఒకరితో ఒకరు చెప్పుకుంటారు: "ఎంత పనిమంతుడో అంత ఒదిగుంటాడు. రవ్వంత గర్వం లేదు చూశావా. ఈ రోజుల్లో తోడబుట్టినదానికి పేరిచ్చేవాళ్ళు ఎవరున్నారు?"

ఆ మాటలు రేకుల సందుల్లోంచి ఆయనకి వినిపిస్తూనే ఉంటాయి. మొదట్లో బయటికొచ్చి, కాదండీ, నిజంగానే చెబుతున్నాను అనేవాడు. అలా అన్నకొద్దీ వాళ్ళకి ఆయన మీద గౌరవం ఇంకా పెరిగేది. ఇప్పుడు బయటికి రావడం మానేశాడు. వంగి, తీగ చివర తొడుగు వేసి, నొక్కి, లాగి చూసుకుంటాడు. చాలకపోతే విప్పి మళ్ళీ వేస్తాడు.